కండక్టరు గారి కాలినడక

ముప్పై ఒక్క ఏళ్లు ఒకే రూటులో టికెట్లు కొట్టిన మనిషిని పట్టుకుని "మీకసలు నడవడం వచ్చా?" అని అడిగితే ఒళ్లు మండదూ? కండక్టరుకి మండింది. అడిగింది బావమరిది కాబట్టి ఇంకాస్త ఎక్కువే మండింది.

"కాలికి బలపం కట్టుకుని తిరిగినవాణ్ణిరా నేను!" అన్నాడు.

"తిరిగింది బస్సు బావగారూ, మీరు కాదు. వీధి చివర కొట్టుకి కూడా స్కూటర్ తీసే మనిషి కొండదాకా నడుస్తారా? మూడో రోజుకల్లా ఏదో బస్సు కిటికీలోంచి మాకు చెయ్యి ఊపుతారు. కావాలంటే రాసిస్తాను."

కుట్టుమిషను ముందు కూర్చున్న కండక్టరు భార్య తమ్ముడి మాటకి నవ్వలేదు. ఎందుకంటే ఈ యాత్ర ఆవిడ కోరిక. కొండ మీది క్షేత్రం వాళ్ల ఊరికి నూట నలభై కిలోమీటర్లు. జనం గుంపులు గుంపులుగా నడిచి వెళ్తుంటారు. కండక్టరు బస్సు నడిచింది కూడా ఆ రోడ్డు మీదే. ఆయన రిటైరైన మర్నాడే ఆవిడ తేల్చి చెప్పేసింది.

"పెళ్లయినప్పటి నుంచీ మనిద్దరం కలిసి ఒక్క చోటికి వెళ్లింది లేదు. పుట్టింటికైనా, ఆసుపత్రికైనా నేనొక బస్సులో పోవడం, మీరు డ్యూటీ దిగి ఇంకో బస్సులో రావడం. ఒక్కసారి మన గుమ్మంలోంచి కొండదాకా నా పక్కన నడవండి. ఇంకేమీ అడగను. మధ్యలో బస్సెక్కారో, అక్కణ్ణించే నేను వెనక్కి వచ్చేస్తాను."

ఆవిడ నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదు. కండక్టరు "దానిదేముందోయ్, నా రూటేగా!" అనేశాడు బింకంగా.

ఇక తయారీ మొదలైంది. ఆవిడ రెండు నెలల ముందు నుంచీ తెల్లారేసరికి వీధులన్నీ చుట్టబెట్టేది. కొత్త బూట్లు కాలికి అలవాటు పడాలని వంట చేసేటప్పుడు కూడా అవి విప్పలేదు. తన దగ్గరికి కుట్టడానికొచ్చిన యూనిఫాం గుడ్డ తానులు సంచిలో పెట్టి వీపున తగిలించుకుని మేడమెట్లు ఎక్కి దిగేది. భుజాలు కోసుకుపోకుండా ఇద్దరి సంచుల పట్టీల్లోనూ దూది పెట్టి కుట్టింది. ఏళ్ల తరబడి మిషను తొక్కిన కాళ్లాయె, ఊరికే పోతాయా?

మరి కండక్టరు ఏం చేశాడయ్యా అంటే, కాగితం మీద ప్లాను గీశాడు. మొదటి రాత్రి బస బస్సు టీకి ఆగే చోట. రెండోది భోజనాలకి ఆగే చోట. మూడోది డ్రైవరు టైర్లు చూసుకునే చోట. నాలుగో రోజు కొండ మీద! ఒక్కొక్క చోటికీ మధ్య ముప్పై అయిదు కిలోమీటర్లున్నాయన్న సంగతి ఆయనకి తెలుసు. కానీ అది ఆయనకెప్పుడూ ముప్పావుగంటే మరి.

"ఎనిమిది రోజులు పడుతుందండీ" అంది ఆవిడ.

"రూటు నాకు తెలుసా, నీకు తెలుసా?"

ఆవిడ సంచిలో మాత్రం ఎనిమిది జతల మేజోళ్లు సర్దింది.

మొదటి రోజు మధ్యాహ్నానికే ప్లాను సంగతి తేలిపోయింది. కదిలే బస్సులో పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ అలవాటు కదా, కదలని రోడ్డు మీద కూడా ఆయన అలాగే అడుగులు వేశాడు. తొడలు పట్టేశాయి. సాయంత్రానికి పదిహేను కిలోమీటర్లయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రోడ్డు పక్కన ఒక చిన్న ఊరు కనిపిస్తే, వడ్రంగి షెడ్డు ముందున్న బల్ల మీద కూలబడ్డాడు.

"ఈ ఊరి పేరేంటండీ?" అని అడిగాడు.

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపి ఎగాదిగా చూశాడు. "మీరు బస్సు కండక్టరు కదూ? రోజూ మా ముందు నుంచే పోయేవారు. ఎంత చెయ్యెత్తినా ఆపేవారు కాదు."

"ఇక్కడ స్టేజీ లేదు కదండీ..." కండక్టరు నీళ్లు నమిలాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

వడ్రంగి పకపకా నవ్వాడు. "పోన్లెండి, ఇన్నాళ్లకైనా ఆగారు. అమ్మా, లోపలికి రండి. రాత్రికి ఇక్కడే పడుకోండి."

ఆ రాత్రి చెక్కపొట్టు వాసన మధ్య కండక్టరు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. పొద్దున్నే ప్లాను కాగితం వడ్రంగి పొయ్యిలో పడేశాడు. ఆ తర్వాత అంతా ఆవిడ చెప్పినట్టే, రోజుకి అలవైనంత. స్టేజీకీ స్టేజీకీ మధ్య ఇన్ని ఊళ్లున్నాయా, ఇన్ని వాగులున్నాయా అని ఆయన ప్రతి మలుపులోనూ నోరు వెళ్లబెట్టేవాడు. ఆవిడతో ఇన్ని కబుర్లు చెప్పుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది. పెళ్లిచూపుల్లో తను ఎలా వణికిపోయాడో చెప్తే ఆవిడ రోడ్డు మీదే పొట్ట పట్టుకుని నవ్వింది.

వచ్చిన చిక్కల్లా బస్సులతోనే. డిపోలో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. వచ్చిన ప్రతి బస్సూ ఆగడమే. "బాబాయ్, ఎక్కండి! పిన్నిగారూ, రండి!" ఆయన వద్దని చెయ్యి ఊపేవాడు గానీ, కళ్లు మాత్రం మలుపు తిరిగేదాకా ఆ బస్సు వెనకే పోయేవి. ఆవిడ అది చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఎనిమిదో రోజు మడమ మీద బొబ్బ చిట్లింది. కుడి మోకాలు బంతిలా వాచింది. ఇంకా పదకొండు కిలోమీటర్లుంది. ప్రతి రాయి దగ్గరా కూర్చుంటూ లేస్తూ ఈడుస్తుంటే ఒక బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దూకాడు. ఆయనతో పన్నెండేళ్లు పనిచేసినవాడు, డిపోలో అందరూ 'తుఫాను' అంటారు.

"అన్నా, ఏంటా మోకాలు! ముందు ఎక్కు. పావుగంటలో కొండ కింద దింపుతాను. వదినా, మీరైనా చెప్పండి!"

ఆవిడ మోకాలి వంక చూసింది. మొహం చిన్నబోయింది. అయినా నవ్వు తెచ్చుకుంది.

"ఎక్కండి. నేనేదో అన్నానని ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? నేను వెనక్కేమీ పోనులెండి. నడిచి వచ్చేస్తాను, కింద కూర్చుని ఉండండి."

కండక్టరు కడ్డీ పట్టుకుని ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు. అబ్బ, ఎంత హాయిగా ఉందో ఆ మెట్టు! వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ రోడ్డు వైపు తిరిగి సంచి పట్టీ సరిచేసుకుంటోంది. ఇన్నేళ్లూ ఆయన ఆవిణ్ణి చూసింది ఈ మెట్టు మీద నుంచే. తను పైన, ఆవిడ కింద, బస్సు కదిలిపోతూ.

కాలు కిందికి దించాడు. తలుపు మూసి, బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"రైట్! పోనీ!"

"అన్నా, అదేంటి..."

"రైటంటే రైటే. నీ టైమైపోతోంది, కదులు!"

తుఫాను గొణుక్కుంటూ ఎక్కి కూర్చున్నాడు. బస్సు వెళ్లిపోయింది. ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీకేమైనా మతిపోయిందా? ఈ కాలితో ఎప్పటికి చేరతాం?"

"ఏమో. రేపో, ఎల్లుండో." ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, బరువంతా ఆన్చాడు. "నేను ఎక్కకుండా బస్సుకి రైట్ చెప్పడం ఇదే మొదటిసారోయ్. బాగుంది."

ఆ పదకొండు కిలోమీటర్లకి రెండు రోజులు పట్టింది. ఇద్దరూ ఒక్కసారే చేరారు.