గుర్రం లోపలి దాదులు

మా ఆయన జుమాకదిర్ నారిన్ లోయలో ముప్ఫై నాలుగేళ్లు పశువైద్యం చేశారు. పోయిన మంచుకాలంలో ఆయన కన్నుమూశారు. ఆయన గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్రాల కాపరి తుర్‌దుబెక్ నల్లగుర్రమే గుర్తొస్తుంది.

మేక కళేబరం కోసం గుర్రాల మీద కుమ్ములాడే ఆటలో దానికి ఎదురులేదు. ఒక ఏడు వసంతంలో దాన్ని పన్నెండు ఆడగుర్రాలతో వదిలారు. శరత్తులో ఆయన మోచేతిదాకా చెయ్యి పెట్టి పరీక్షిస్తే ఒక్కదానికీ చూలు లేదు.

"వీడికి గడ్డి దండగన్నా. మొదటి మంచుకి మాంసానికి కోసేస్తా," అన్నాడు తుర్‌దుబెక్.

"ఆగరా. వీడి వట్టలేంటి ఇంత చిన్నవైపోయాయి? ఏం సూది పొడిచావు?" అన్నారు మా ఆయన.

"మగసత్తువ మందు! వారానికో సూది. ఎంత పెడితే అంత మగతనం కదా?"

"నీ తెలివి తగలెయ్య, లోపలికి రా!"

వసంతంలో వేరే మగగుర్రానికి వట్టలు తీసినప్పుడు పలచగా కోసి దాచిన పొరను ఆయన సూక్ష్మదర్శిని కింద పెట్టారు.

"గోడకి ఆనుకుని పొడుగ్గా ఉన్నాయే, అవి దాదులు. ఎదిగే మగవిత్తనాలని ఒళ్లో పెట్టుకుని మేపుతాయి. ఇరుగుపొరుగు కణాలు మగరసం అందిస్తేనే వాటికి ఓపిక."

"నేనిచ్చిందీ అదేగా!"

"నువ్వు నెత్తుట్లో పోశావు. తలకాయేమో కావలసినంత ఉందనుకుని ఆ కణాల్ని పని ఆపమంది. దాదుల పక్కన నెత్తుట్లో కన్నా ఎన్నో రెట్లు రసం ఉండాలిరా. సూదితో అది అందదు."

తుర్‌దుబెక్ అందులో పెట్టిన కన్ను చాలాసేపు తియ్యలేదు. పసివాళ్లు నిద్రపోతున్న గదిలోలా గొంతు తగ్గించాడు.

"ఒక్కోటి ఎంతమందిని మోస్తుందన్నా?"

"పదిమందికి తక్కువ కాదు. పసివి అడుగున, ఎదిగినవి పైన. అలా అన్నీ కలిసి రోజుకి వందల కోట్లు."

"మా నల్లోడిలోనూ?"

"సూది మానితే, బహుశా. ఏడాది ఆగు. మాటివ్వలేను."

ఆ చలికాలం తుర్‌దుబెక్ గుర్రానికి బదులు ముసలి ఆవును కోశాడు. "గొడ్డుగుర్రానికి మేత, మాకేమో దవడల నొప్పి!" అని వాళ్లమ్మ ఊరంతా చెప్పుకుంది. అతను మళ్లీ సూది ముట్టలేదు. వసంతంలో గుర్రాన్ని మళ్లీ ఆ పన్నెండింటితో వదిలాడు.

మరుసటి శరత్తులో మూడో ఆడగుర్రం దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

"చెప్పన్నా, చంపకు!"

"ఉంది."

పన్నెండింటిలో తొమ్మిది చూలుతో ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే మేక కళేబరం ఆట. నల్లగుర్రం జీనుతో సిద్ధంగా ఉంది. తుర్‌దుబెక్ దాని దగ్గరికెళ్లి, మెల్లగా పట్టీలు విప్పి, జీను దించేశాడు.

"ఇవాళ ఆట వద్దులే. లోపల దాదుల్ని వాళ్ల పని చేసుకోనీ."