కిటికీకి కొట్టిన మేకు

నేతపనికి వలసొచ్చిన భేస్తాన్‌లో, తాముండే గదికున్న ఒకే ఒక్క కిటికీకి దశరథం మేకు కొట్టి పాతికేళ్లు దాటింది. అప్పట్నుంచీ ఆయన పెళ్లాం వజ్రమ్మ ఎండాకాలమంతా ఆవిరి కుడుములా ఉడుకుతూనే ఉంది. గాలి సంగతి అటుంచి, పలకరించడానికి పక్కింటి మొహమైనా కనపడదు.

మేకుకు కారణం టీవీలో దయ్యం. అప్పట్లో వారానికో దయ్యం కథ వేసేవాళ్లు. ఒక కథలో పొద్దుగూకగానే తెల్లచీర మనిషొకతె ఓ ఇంటి కిటికీ దగ్గర నిలబడేది. లోపల ముసలాళ్లిద్దరూ వణికిపోయేవాళ్లు.

"అత్త చంపిన కోడలది. కిడికి తెరిస్తె పీక పిసుకుతది" అని తేల్చేసి, మర్నాడే మేకు కొట్టాడు దశరథం. దాని జోలికెళ్తే అలిగి అన్నం ముట్టేవాడు కాదు. ఇలాంటి మొగుడితో ఎవరు వేగుతారు?

లాక్‌డౌన్ వచ్చి, కింది అంతస్తులో రాత్రింబవళ్లు దడదడలాడే మరమగ్గాల సాంచాలు ఆగిపోయాయి. నేతపని లేక దశరథం టీవీకి అతుక్కుపోయాడు. ఒక మధ్యాహ్నం ఆ పాత కథే మళ్లీ వచ్చింది.

"సూడు, నేను జెప్పలే?" అన్నాడు.

ఈసారి మాటలు వినపడ్డాయి. కిటికీ దగ్గరున్నది వాళ్ల కూతురట. బతికే ఉందట. లోపలి ముసలాళ్లే ఎప్పుడో చచ్చిపోయి, ఆ సంగతి తెలియక తలుపులు బిగించుకు కూర్చున్నారట. కూతురు రోజూ వచ్చి వాళ్లకు దీపం పెట్టి పోతోంది.

"ఆఖరిదాక సూసిన అంటివి గద?" అంది వజ్రమ్మ.

"సూసిన. సాంచాల సప్పుట్ల ఏమినవడ్తది? పనికాడ మూతి కదలిక సూసే మాటలు పోల్చుకుంటం. గట్లనే అర్థం జేసుకున్న."

"గా తెలివికి నన్నిన్నేండ్లు ఉడకబెట్టినవా?"

వజ్రమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆయన సుత్తె తీసుకుని తుప్పుమేకు పెరికేసింది. దశరథం మూలకు జరిగాడు.

కిటికీ తెరుచుకుంది. గాలి మొహానికి తగిలింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో, వెనక గల్లీ ఇంటి కిటికీలో మెంతికూర తుంచుతున్న గంగవ్వ అనే ముసలమ్మ ఉలిక్కిపడింది.

"గా అర్రల మనుషులున్నరా? ఎవ్వలు లేరనుకున్న. గిన్నేండ్లల్ల ఒక్క దీపమన్న కనవడకపాయె."

వజ్రమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, మూలనున్న మొగుణ్ణి ఒకసారి చూసింది.

"ఉన్నమక్కా" అంది. "గీయనే తెలువనియ్యలే."