స్ప్రింగు చెక్కకు ఆయుధ పూజ

మొన్న నేను చేసిన ఘనకార్యానికి మా మనవరాలి మార్కులు గంగలో కలిసేవే. నేను మాత్రం మంచికే చేసినా, ముందే చెప్తాండా.

మనవరాలు సౌమ్య ప్రొద్దుటూరులో డిగ్రీ ఫిజిక్సు. జమ్మలమడుగులో మా వసారా నిండా నెల రోజులుగా దాని ప్రాజెక్టే. ఒక గరుకు చెక్క, చివర మేకు, మేకుకు స్ప్రింగు, స్ప్రింగుకు ఇటుకంత కొయ్య దిమ్మె. దిమ్మెను లాగి వదిలితే రెండు మూడుసార్లు అటూ ఇటూ జరిగి, చాక్‌పీసు గీత మీద ఆగాలంట.

"స్ప్రింగు లాగుతాది జేజీ, రాపిడి ఆపుతాది. రెండింటికీ లెక్క కట్టి గీసిన గీత ఇది. సెలవులు అయిపోతూనే సార్ ముందర చూపియ్యాల. మార్కులన్నీ దీనికే. నువ్వు ముట్టుకోవాకు!"

"నాకేం పనే?" అన్నా.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు కత్తిపీట, కొడవలి, స్కూటరు, అన్నీ కడిగి, నూనె రాసి, బొట్లు పెట్టినా. తిరిగి చూస్తే ఈ చెక్క. ఇనుమున్న వస్తువును వదిలేస్తే అమ్మవారు ఊరుకుంటుందా? పైగా అది జరిగినప్పుడల్లా కిర్రుమనే రొద ముద్దనూరు దాకా వినపడుతాంది! గరుకు పోయేదాకా తోమి, డ్రమ్ము ఆముదం పట్టించినా. సరే, అర సీసా. శుభ్రంగా తుడిచి, చెరిగిన గీతను ఉన్నచోటే మళ్లీ గీసినా. అంత జాగ్రత్త నాది!

దిమ్మె మీద కుంకుమ చూసి సౌమ్య, "బొట్టొక్కటే కదా జేజీ?" అనింది.

"అంతే," అని చెక్కను నా పాత చీరలో చుట్టేసినా.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కాలేజీకి నేనూ పోయినా. సార్ చూస్తాండగా సౌమ్య దిమ్మెను లాగి వదిలింది. గీత దాటింది. వెనక్కొచ్చింది. మళ్లీ దాటింది. నేను నాలుగుసార్లు ఆవులించినా, అది ఆగలేదు.

"ఏందమ్మా ఇది, ఉయ్యాలా?" అని సార్ వంగి వాసన చూసినాడు. "ఆముదం!"

సౌమ్య నా తట్టు చూసింది. నేను ఫ్యాను తట్టు చూసినా.

"ఆయుధ పూజ సార్," అన్నా చివరికి.

సార్ నవ్వలేదు. "ఆ నూనెతోనే మళ్లీ లెక్క కట్టమ్మా. యాడ ఆగుతుందో చెప్పు. తప్పితే మార్కుల్లేవు."

పిల్ల స్కేలు తీసి, ఒక్కో ఊపుకు దిమ్మె ఎంత తగ్గుతాందో కొలిచింది. కాగితం నిండా లెక్కలు చేసి, కొత్త గీత గీసి, దిమ్మెను వదిలింది. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది లేదు. పోయి పోయి గీత మీదే ఆగింది!

"పాత లెక్క ఎవరైనా బట్టీ పడతారు. ఇది నీకు అర్థమైంది," అని సార్ పూర్తి మార్కులేసినాడు.

"చూసినావా, పూజ ఫలం!" అన్నా బస్సెక్కుతూనే. జమ్మలమడుగులో దిగినాక సౌమ్య అనింది:

"జేజీ, వచ్చే దసరాకు మొదటి బొట్టు నీకే. మన ఇంట్లో అన్నిటికంటే ప్రమాదకరమైన ఆయుధం నువ్వే."

"బొట్టు పెట్టు గానీ ఆముదం పూయొద్దే," అన్నా. "అసలే ఆగే రకం కాదు నేను."