తలకిందులుగా వేలాడే మాటలు

మా కింది ఇంటి టీచరమ్మ చనిపోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, ఆసుపత్రిలో, గుండె ఆగి. వార్త నాకు ఫోన్‌లో రెండు రకాలుగా చేరింది. చర్చి వాళ్ళు "ప్రభువు సన్నిధికి చేరుకున్నారు" అని పంపారు. మా వీధి వాట్సాప్ గ్రూపులో "నిస్వార్థ సేవామూర్తి ఇక లేరు" అని పెట్టి, కింద దండాల బొమ్మలు వరసగా పేర్చారు. నేను చనిపోయారనే రాస్తున్నాను. ఆవిడైతే అలాగే రాయించేవారు. ఒకసారి ఒక పిల్ల వచ్చి వాళ్ళ కోడి దేవుడి దగ్గరికి పోయిందని చెబితే, "చచ్చిపోయింది అనమ్మా. బాధగా ఉంటే బాధగా ఉందని చెప్పు. మాటని మాత్రం మెత్తబెట్టకు" అన్నారు. ఆవిడ నమ్మకస్తురాలు, ఆదివారం చర్చి మానని మనిషి. అయినా మాట దగ్గర అంత కచ్చితం.

సేవ అన్న మాటతో నాకు మొదటి నుంచీ పేచీ. ఆవిడ చేసింది పని. చిన్నపిల్లలకు చదవడం నేర్పే పని. వడ్రంగం లాగా, నర్సు పని లాగా, నేర్చుకుంటే వచ్చేది, నేర్చుకోకపోతే రానిది. దాన్ని సేవ అనేస్తే ఆ పని చేయాల్సినవాళ్ళంతా ఒక దండం పెట్టి ఇంటికి పోవచ్చు. బడి పోవచ్చు, సర్కారు పోవచ్చు, మనమూ పోవచ్చు. ఆవిడతో ఏళ్ళ తరబడి నేను వాదించింది దీని గురించే. ఆ వాదం తెగలేదు. ఇప్పుడు రెండు పక్కలా నేనే మాట్లాడుకోవలసి వచ్చింది, అది మరీ అన్యాయం.

ఆవిడది నెల్లూరు వైపు. చిన్న వయసులోనే బెంగళూరు వచ్చి, ఒక మిషన్ బడిలో ఒకటి, రెండు తరగతులకే చెప్పి, వాటితోనే రిటైరయ్యారు. పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదట. "చదవడం వచ్చిన పిల్లలకి ఎవరైనా చెబుతారు" అనేవారు. కె.ఆర్.పురం స్టేషన్ వెనక వీధిలో కింద ఆవిడ, పైన నేను. ఆవిడ ఇంటి ముందు వరండా, వరండాకు అడ్డంగా బట్టలారేసే తాడు. సాయంత్రమయ్యేసరికి చీరలూ తువ్వాళ్ళూ తీసేసి, క్లిప్పులు మాత్రం తాడుకే వదిలేవారు. ఇక అది, ఆవిడ దగ్గర చదవడం నేర్చుకోవడానికి వచ్చే వీధి పిల్లల తాడు.

గేటు దగ్గర ప్రతి పిల్లా ఒక మాట ఇచ్చి లోపలికి రావాలి. చెప్పులు బయట విడిచినట్టే, అదొక అలవాటు. ఆ రోజు ఎక్కడో విన్నదో, చూసిందో, ఏ భాషదైనా సరే. మందుల పెట్టెలు, చొక్కాల పెట్టెలు కత్తిరించిన అట్టముక్క మీద ఆ మాట రాసి తాడుకు తగిలించాలి. తెలిసిన మాటైతే నిటారుగా. విన్నాంగానీ అదేమిటో తెలియదు అనుకుంటే తలకిందులుగా. దాన్ని కళ్ళారా చూసిననాడు తెచ్చిన పిల్లే లేచి, కార్డును సరిగా తిప్పి పెట్టాలి. అర్థం నోటితో చెబితే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. 'వాలు' అనే మాట కోసం చెక్కను ఒకవైపు ఎత్తి నిమ్మకాయలు దొర్లించారు. 'ఫాగ్' అనే ఇంగ్లీషు మాట నెలల తరబడి తలకిందులుగానే ఉంది. జనవరిలో ఒక పొద్దున స్టేషన్ పక్కనున్న తీగల వంతెన, హ్యాంగింగ్ బ్రిడ్జి, కనబడకుండా పోయినప్పుడు, చుట్టుపక్కల పిల్లలందరినీ నిద్రలేపి మా మేడ మీదికి ఎక్కించారు. పళ్ళు తోముకోని పిల్లలు, పళ్ళు తోముకోని నేను. వంతెన లేదు. తీగలు లేవు. రైలు కూత ఉంది, రైలు లేదు. ఆ సాయంత్రం ఆ కార్డు నిటారయింది.

జీఎస్టీ అనే కార్డు మాత్రం చివరిదాకా తలకిందులే. "దీన్ని తిప్పడం నావల్ల కాదు. పైమేడ అక్కనడగండి, ఆవిడకి గవర్నమెంటు గురించి అన్నీ తెలుసు" అని నామీదికి తోసేవారు. పిల్లలు నిజంగానే మెట్లెక్కి వచ్చేవారు. నేను అరగంట మాట్లాడేదాన్ని. కార్డు కదిలేది కాదు.

"తెలీని మాట ముందర సిగ్గెందుకు? వేలాడదీసి ఇంటికి పోండి. రేపటికీ ఉంటుంది." ఇది ఆవిడ మాటల్లో నాకు బాగా గుర్తున్నది. మన పెద్దలు ఎంతమంది ఇది నేర్చుకోక, తెలియని మాటల్ని నిటారుగా తగిలించుకుని వేదికల మీద తిరుగుతున్నారో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చందన సంగతి. ఆవిడ చివరి ఏడాదంతా ఈ పిల్ల చుట్టూ తిరిగింది కాబట్టి.

వాళ్ళది చింతామణి వైపు, కర్ణాటకే అయినా ఇంట్లో తెలుగే. తండ్రి బిల్డింగులకు రంగులేస్తాడు. తల్లి కుందలహళ్ళిలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్. పిల్ల మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. బడి పేరు రాయను. అలాంటి బడులు ఊరంతా ఉన్నాయి, ఒకదాన్ని వేలెత్తి చూపితే మిగతావి ఊపిరి పీల్చుకుంటాయి. పోయిన దసరా సెలవుల ముందు ఆ బడి వాళ్ళు తల్లిని పిలిచి, మీ అమ్మాయికి చదవడం రాదన్నారు. వేసవి తర్వాత బడి తెరిచాక పరీక్ష పెడతాం, అప్పటికీ రాకపోతే ఒకటో తరగతిలో కూచోబెడతాం, ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి. మూడేళ్ళుగా ఆ పిల్ల కూచున్నది వాళ్ళ బెంచీ మీదే. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తల్లికి అర్థం కాలేదు. పిల్లను వెంటబెట్టుకుని టీచరమ్మ వరండాకు వచ్చింది. "ఇదేంది టీచరమ్మా, మా పాప ఇంట్లో గడగడా సదవతాది. నేనూ మా ఆయనా కూసోని వింటా ఉంటాం గదా" అంది. పిల్ల పుస్తకం తీసి, వేలు పెట్టి, నిజంగానే గడగడా మొదలుపెట్టింది. వాన గురించిన పాఠం. నేను మెట్ల మీద కూచుని చూస్తున్నాను. టీచరమ్మ నెమ్మదిగా చెయ్యి చాపి, పిల్ల చదువుతుండగానే పేజీ తిప్పారు. పిల్ల ఆగలేదు. వేలు ఏనుగు బొమ్మ కింద నడుస్తోంది, నోట్లో వాన కురుస్తూనే ఉంది.

ఆ పిల్ల పుస్తకాలన్నీ కంఠతా పట్టేసింది. తరగతిలో అందరూ కలిసి పాట పాడినట్టు అప్పజెబుతారు, టీచరు బెత్తంతో బల్ల మీద తాళం వేస్తుంది. ఆ గొంతుల్లో గొంతు కలిపితే చాలు. ఇంగ్లీషు తెలియని తల్లిదండ్రులు వేలు ఎక్కడుందో చూడలేరు. చూడగలిగిన బడి చూడలేదు. మూడేళ్ళు.

టీచరమ్మ ఆ తల్లిని టీ పెట్టమని లోపలికి పంపి, పిల్లను అడిగారు, ఇలా ఎన్ని పాఠాలు వచ్చని. అన్నీ వచ్చంది. "అబ్బో. నాకైతే అంత జ్ఞాపకం లేదమ్మాయ్. దాన్ని వదులుకోకు, మనకి పనికొస్తుంది" అన్నారు. ఆ పిల్ల ముఖంలో అప్పటిదాకా ఉన్న భయం కొంచెం తగ్గింది. పట్టుబడ్డానని దానికి తెలుసు. తిట్టరని తెలియదు.

ఆ తర్వాత పుస్తకం మూసేసి, మీ నాయన ఏం చేస్తాడో చెప్పమన్నారు. పిల్ల చెప్పింది: మా నాయన జూలాలో ఉండాడు, గోడకు రంగేస్తాడు, కిందికి సూడడు. జూలా అంటే ఎత్తు గోడల మీద పనిచేసేటప్పుడు తాళ్ళకు కట్టుకుని కూచునే పీట. ఆవిడ ఒక్క అక్షరం దిద్దకుండా, పిల్ల నోట వచ్చినట్టే తెలుగులో రాసి చదివించారు. పిల్ల గడగడా చదివేసింది, కంఠతా. అప్పుడు ఆవిడ కత్తెర తీసుకుని ఆ కాగితాన్ని మాటలు మాటలుగా కత్తిరించి, చాప మీద కలిపేసి, మళ్ళీ పేర్చమన్నారు. పిల్ల ముక్కల్ని ఒకటొకటే తిప్పి చూసింది. చివరికి ఒక ముక్క తీసి చేతిలో పట్టుకుంది. జూలా. ఆ రోజుకు అంతే. ఆవిడ కూడా అంతే చాలన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు. ఆ సాయంత్రమే ఆవిడతో పోట్లాట పెట్టుకున్నాను. మీరు చేస్తున్నది ఆ బడి ఎగ్గొట్టిన పని, మీరు దీన్ని చక్కదిద్దితే వాళ్ళు తమ ఖాతాలో వేసుకుంటారు, రేపు ఇంకో పిల్లని ఇలాగే పాడుచేస్తారు, సొంతభాషలో చదువు చెప్పాల్సిన సర్కారు ఇంకా హాయిగా నిద్రపోతుంది అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ విన్నారు.

"నిజమే. నువ్వు పోట్లాడు, ఆ పని నాకు చేతకాదు. కానీ నీ పోట్లాట గెలిచేదాకా ఈ పిల్లకి ఎనిమిదేళ్ళే ఉంటాయా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. వెయ్యి మంది పిల్లలకు ఒక వరండా సరిపోదు అనేదే ఆ జవాబు. ఇప్పటికీ అదే అంటాను. ఆవిడ ప్రశ్న కూడా అలాగే ఉంది.

చందన రోజూ మాట తెచ్చేది. నాయన దగ్గరి నుంచి పుట్టీ, ప్రైమరు, అమ్మ దగ్గరి నుంచి వైపరు, బస్సులోంచి ఏదో కన్నడ తిట్టు. ఆ తిట్టును కూడా రాయించి, తలకిందులుగా తగిలించి, "ఇది నువ్వు పెద్దయ్యాక తిప్పుకో" అన్నారు. తెలుగు అక్షరాలు పట్టుబడ్డాక కన్నడం సగం దానంతటదే వచ్చింది, రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే గదా. ఇంగ్లీషే మొండికేసింది. తెలియని మాట రాగానే పిల్ల పాత అలవాటుగా ఊహించి దాటేసేది. "ఆగడం తప్పు కాదు. దూకడం తప్పు" అని మళ్ళీ మాట మొదటికి తెచ్చేవారు. విసుగు చూపేవారు కారని రాస్తే అబద్ధం. చూపేవారు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని గేటువైపు కాసేపు చూసేవారు, తర్వాత పెట్టుకునేవారు.

బడి తెరిచిన వారంలోనే ఆవిడ ఆసుపత్రిలో చేరారు. తిరిగి రాలేదు.

సమాధుల తోటలో పాస్టరుగారు మంచిగానే మాట్లాడారు. పని అని ఒక్కసారి కూడా అనలేదుగానీ, మంచిగానే. చందన తల్లి నా పక్కన నిలబడి ఉంది, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. శనివారమే పరీక్ష. మట్టి వేసి వస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, టీచరమ్మ వస్తానని ఉండె. ఇంగ మాతో ఎవురు వస్తారు?"

నేను వస్తానన్నాను. ఆ రెండు రోజులూ చదువు హక్కు చట్టం ఏం చెబుతుందో తీసి చదువుకున్నాను, కాగితాలు సిద్ధం చేసుకున్నాను, అడగాల్సినవి వరసగా మనసులో పెట్టుకున్నాను. బడి గేటు దగ్గర ఆ తల్లి నా చేతిలో ఫైలు చూసింది.

"అక్కా, నీకు దండం పెడతా. నువ్వు ఆడ మాట్లాడొద్దు. పాపను సదవనీ."

మాట్లాడలేదు. నన్ను ఎరిగినవాళ్ళు నమ్మరుగానీ, మాట్లాడలేదు.

హెడ్‌మిస్ట్రెస్, పిల్ల ఎప్పుడూ చూడని ఒక పుస్తకం తీసి, మధ్యలో ఒక పేజీ తెరిచి ఇచ్చింది. పిల్ల వేలు పెట్టింది. గడగడా కాదు. ఒక్కో మాట దగ్గర నిలబడి, దాని చివర దాకా చూసి, అప్పుడు అంది. తల్లి గోడవైపు తిరిగి నిలబడింది. ఒక చోట పిల్ల పూర్తిగా ఆగిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసింది. నా ఫైలు నా ఒళ్ళో ఉంది. పిల్ల పెదాలు కదిపింది, మొదటికి వెళ్ళింది, మళ్ళీ కదిపింది. "ఫె... ఫెర్రీ" అంది. సరిగ్గానే అంది. అని, వేలు అక్కడే ఉంచి, తలెత్తి, "అంటే ఏంది మిస్?" అని అడిగింది.

ఆ గదిలో పిల్లలు ప్రశ్నలు అడుగుతారని ఆ హెడ్‌మిస్ట్రెస్‌కు అలవాటున్నట్టు లేదు. అర్థం తర్వాత, ముందు చదువు అంది. పిల్ల పేజీ చివరిదాకా చదివింది. నాలుగో తరగతిలోనే కూచోవచ్చని చెప్పారు, కాస్త స్లో అని కలిపారు. స్లో కాదు, అది చదవడం. ఈ మాట అక్కడ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

తిరిగి వస్తుంటే తల్లి ఏడుస్తూ, నవ్వుతూ, ఆ మాటేందో అక్కకు తెలుసు అడుగు అని పిల్లతో అంది. నాకు తెలుసు. ఏరు దాటించే పడవ అని చెప్పబోయాను, ఫోన్‌లో బొమ్మ తీయబోయాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. "చెప్తే కాదు, చూపియ్యల్ల."

ఈ ఊళ్ళో ఏరెక్కడిది?

టీచరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. వరండాలో తాడు అలాగే ఉంటే, ఓనర్ వాళ్ళు వాళ్ళ బట్టలు ఆరేస్తున్నారు. కార్డులన్నీ ఎవరో తీసేశారు. మొన్న సాయంత్రం మెట్లు దిగుతుంటే, ఒక తడి తువ్వాలుకూ ఒక చొక్కాకూ మధ్య కొత్తగా చిన్న అట్టముక్క కనబడింది. ఇంగ్లీషు అక్షరాలు, వంకరగా, ఒకదానికొకటి దూరంగా, తలకిందులుగా. గాలికి అది గిర్రున తిరిగింది, తువ్వాలుకు తగిలి ఆగింది. నేను ముట్టుకోలేదు.