ఎస్తేరు టీచర్ తీసేసిన ‘ఎస్’

చందానగర్ మార్కెట్ వెనక సందులో, మేడ మీది ముందుగదిలో ఎస్తేరు ట్యూషన్ చెబుతుంది. భర్త సాల్మన్ మాదాపూర్ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు బయట ఉద్యోగానికి వెళ్లలేక మొదలుపెట్టిన ట్యూషన్ అది. కొడుకు పెద్దవాడై ఉద్యోగంలో చేరినా ఆపలేదు.

పిల్లలు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఒక మాట అప్పజెప్పాలి: “ఐ హావ్ డన్ ఆల్ మై హోంవర్క్స్, టీచర్!” ఇంగ్లిష్‌లో నోరు తెరవడానికి భయపడే పిల్లలకు ఆమె అలవాటు చేసే మొదటి వాక్యం అది.

ఒక సాయంత్రం నాలుగో తరగతి రసజ్ఞ ఆ మాట అనకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెనకే వాళ్లమ్మ నాగేశ్వరి వచ్చింది. కాకినాడ మనిషి, గొంతు పెంచి ఎరగదు.

“ఏమనుకోకండి మేడమ్. బళ్లో ఇది ఆ వాక్యమే చెబితే, హోంవర్క్ అనాలి, చివర ఎస్ రాదు అన్నారంటండి. అందరూ నవ్వారంట. మా ట్యూషన్ టీచర్ తప్పు చెప్పరని ఇది పోట్లాడిందంటండి.”

“అట్లెట్ల? రెండు సబ్జెక్టులకు ఇస్తే రెండు హోంవర్క్స్ కాదా?” అంది ఎస్తేరు. నాగేశ్వరి వెళ్లిపోయాక ఫోనులో డిక్షనరీ తెరిచింది. పాలు, నీళ్లలాగే అదీ ఇంగ్లిష్‌వాళ్లు ఒకటి రెండని లెక్కపెట్టని మాటట. ఎంత ఇచ్చినా హోంవర్కే.

తప్పు నేర్పానన్న సిగ్గు కన్నా, తన కోసం ఆ పిల్ల నవ్వులపాలైందన్న బాధే ఆమెకు ఎక్కువైంది. వెళ్లి రసజ్ఞ పక్కన చాప మీద కూర్చుంది.

“మీ బడి టీచర్ చెప్పిందే కరెక్టు బిడ్డా. నేనే తప్పు నేర్పిన.”

రసజ్ఞ కాసేపు ఆలోచించింది. “మరి చాలా ఇస్తే ఎలా చెప్పాలి టీచర్?”

“ఎ లాట్ ఆఫ్ హోంవర్క్.”

“ఎస్ లేకపోతే కొంచమే ఇచ్చినట్టుంది.”

ఎస్తేరు పకపకా నవ్వింది. పిల్లలంతా నవ్వారు. ఈసారి రసజ్ఞ కూడా నవ్వింది.

అక్కడితో వదిలేస్తే ఆమె ఎస్తేరు కాదు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడానికి ఫోను తీసింది.

“ఇడిసిపెట్టవే, గదంతా ఎవరికి యాదుంటది?” అన్నాడు సాల్మన్.

“నాకు యాదుంటది గద!” అని, అందరికీ తన తప్పు చెప్పి, హోంవర్క్‌కు ఎస్ తీసేయమంది.

ముందుగా మాదాపూర్‌లో ఉద్యోగం చేసే జశ్వంత్ జవాబిచ్చాడు. “టీచర్, మొన్ననే మీటింగ్‌ల హోంవర్క్స్ అన్న. ఎవ్వరు ఏమనలే. ఇగ దిద్దుకుంట. కానీ మీటింగ్‌ల మాట్లాడే ధైర్యం మీ ఇంట్లనే వచ్చింది.”

తర్వాత కొండాపూర్ నుంచి ఉమాశ్రీ గొంతు వినిపించింది. “ఎన్నాళ్లకు మీ మాట విన్నానండీ! ఆదివారం ఇంట్లో ఉంటారా?”

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఉమాశ్రీ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన బడిలో కొత్తగా చేరిన కూతురు.

“దీన్ని మీ దగ్గరే చేర్చాలనండీ. కొండాపూర్ నుంచైనా నేనే దింపుతాను.”

ఎస్తేరు వంగి పిల్లను దగ్గరికి తీసుకుంది.

“మీ అమ్మ లెక్కలల్ల నన్ను మస్తు పరేషాన్ చేసింది. నువ్వన్న జర మంచిగ చేస్తవా?”

పిల్ల తల్లి వంక చూసి, ఆలోచించి, చెయ్యనన్నట్టు తల అడ్డంగా ఊపింది.