తుడవని పాత్ర

నాన్నను సమాధి చేసి వచ్చాక నాకు ఏడుపు రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా కళ్ళకేసి చూసి, తడి లేదని గమనించి, కాఫీ తాగి వెళ్ళారు. ఆ కాఫీ కూడా నేనే పెట్టాను. బాధ లేదని కాదు, ఉన్నట్టు తెలియలేదు. పన్ను పీకడానికి మత్తుసూది వేస్తే చెంప ఎలా ఉంటుందో అలా ఉన్నాను. ఆ తర్వాత, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆదివారానికి కూడా అలాగే చర్చికి వెళ్ళాను.

ఆ ఆదివారం గురించి చెప్పాలంటే ముందు నాన్న దగ్గు గురించి చెప్పాలి. బంగారు గని మూసేదాకా ఆయన భూమి లోపల పని చేశాడు. గని మూతపడి ఇన్నేళ్ళయినా ఆ రాతి దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లోంచి కదల్లేదు. ఇది అంటుకునే జబ్బు కాదని రాబర్ట్‌సన్‌పేట డాక్టరు చెప్పాడు. అమ్మ ఎప్పుడో పోయింది, ఇంట్లో మేమిద్దరమే. మేమిద్దరం నమ్మాం, ఊరు నమ్మలేదు.

మా చర్చిలో సంస్కారం నెలకోసారి. బల్ల ముందు వరసగా మోకరిస్తాం. పాస్టరు అయ్యగారు రొట్టె ముక్క చేతిలో పెట్టి, ద్రాక్షరసం పాత్ర ఒక్కొక్కరి నోటికి అందిస్తారు. పాత్ర అందరికీ ఒకటే. ఒకరు తాగాక తెల్లగుడ్డతో అంచు తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్ళకు ఇస్తారు. నాన్న పక్కన మోకరించినవాళ్ళు రొట్టె తీసుకుని, పాత్ర వచ్చేసరికి తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే నేను పోట్లాడేదాన్ని. నాన్న కొన్నాళ్ళు చూసి, అందరూ లేచాక చివర్న ఒక్కడే వెళ్ళి మోకరించడం అలవాటు చేసుకున్నాడు. మిగిలింది పారబోయకూడదు కాబట్టి అయ్యగారే తాగేస్తారు. నాన్న తర్వాత ఇక ఆయనొక్కరే. ఆయనా తుడిచే తాగేవారు.

క్రిస్మస్‌కు ముందు అయ్యగారు ప్రార్థనకని మా ఇంటికి వచ్చారు. నాకంటే చిన్నవారు, చర్చికి కొత్త. యేసు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని చెప్పారు. నాన్న అంతా విని అడిగాడు.

"అయ్యగారూ, ఒక అనుమానం ఉండాది. ఆయన దేవుడైతే నా తర్వాత ఆ పాత్రలో తాగేస్తాడు. దేవునికేమయితాది? మనిషైతేనో? మనిషికి భయముంటాది గదా. తాగతాడా?"

అయ్యగారు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టారు.

"సిలువ వేసేదానికి పట్టుకుపోయే ముందు తోటలో ఆయనకూ భయమైందప్పా. ఆ శ్రమల పాత్ర నాకొద్దని తండ్రిని అడుక్కున్నాడు. అయినా తాగినాడు. దేవుడొకడు, మనిషొకడు అని ఇద్దరు లేరు. భయపడిందీ ఆయనే, తాగిందీ ఆయనే."

నాన్న "ఊ" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియలేదు.

తర్వాతి సంస్కారానికి నాన్న ఎప్పటిలాగే చివర్న వెళ్ళాడు. తాగి, తల దించి కళ్ళు మూసుకున్నాడు. అయ్యగారు తెల్లగుడ్డ చేతిలోకి తీసుకున్నారు. తీసుకుని కూడా తుడవలేదు. పాత్ర తిప్పకుండా, నాన్న పెదవులు తాకిన చోటే తన పెదవులు ఆనించి, మిగిలింది తాగేశారు. ఆయన చెయ్యి వణికింది. పాపం, భయపడ్డారు. అది నేను చూశాను, నాన్న చూడలేదు.

ఇంటికి నడుస్తూ ఆ మాట నాన్నకు చెప్పాను.

"ఊరికే అనద్దమ్మా."

"కండ్లారా చూసినాను నాయనా. చెయ్యి వణికింది గానీ, తుడవకుండానే తాగినారు."

నాన్న మలుపు దాకా నడిచాడు. అక్కడ దగ్గు తెర వస్తే గోడ పట్టుకుని నిలబడ్డాడు. అది తగ్గాక అన్నాడు, "ఇంగ వచ్చే నెల నేనూ అందరితో పాటే మోకరిస్తాను. వరస నడుమ. తల ఊపేవాళ్ళు ఊపనీ."

ఆ ఆదివారం రాకముందే ఆయన పోయాడు.

అందుకని నేను వెళ్ళి వరస నడుమ మోకరించాను. నా పక్కన మా వీధి పెద్దావిడ ఉంది. నాన్న తర్వాత మొదట తల ఊపింది ఆవిడే. పాత్ర నా దగ్గరికి వచ్చింది, తాగాను, రుచి తెలియలేదు. అయ్యగారు అంచు తుడిచి, తిప్పి, ఆవిడకిచ్చారు. ఆవిడ నిమ్మళంగా తాగి, నన్ను ఓదార్చడానికి భుజం మీద చెయ్యి వేసింది.

నాకు కోపం వచ్చింది. నాన్న పోయాక నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు. ఆ చెయ్యి విదిలించుకోలేదు గానీ, అందరూ లేచి వెళ్ళినా నేను లేవలేదు. చివరివాళ్ళ దాకా అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయాను.

మిగిలింది అయ్యగారు తుడవకుండానే తాగారు. ఈసారి చెయ్యి వణకలేదు. ఇంటికి నడుస్తూ ఆ మాట చెప్పడానికి నాకు పక్కన ఎవరూ లేరు.