అరవై అయిదు వేల తలుపులు

మా బావకి తెరిచి ఉన్నది ఏదైనా కనబడితే మూసేదాకా ప్రాణం కుదుటపడదు. డబ్బా మూత, కిటికీ రెక్క, పెన్ను, పెట్టె, ఏదైనా సరే. ఒకసారి వానలో తెరిచి ఉన్న గొడుగు కూడా మూశాడు. దాని కింద నేనున్నాను.

"నువ్వున్నావని చూసుకోలేదే మరదలా" అన్నాడు, ఇద్దరం తడుస్తుండగా. "తెరిచి ఉందని మాత్రం కనబడింది."

ఆయన ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో వీధుల వాల్వులు తిప్పడం. తెరవడమూ మూయడమూ రెండూ ఆయన పనే. కాకపోతే తెరవడం జీతం కోసం చేసేవాడు, మూయడం ఇష్టంతో చేసేవాడు. పళ్ళ డాక్టరు ఆయనతో పడలేకపోయాడు. "నోరు తెరవండి" అంటే తెరిచేవాడు. డాక్టరు పనిముట్టు అందుకుని ఇటు తిరిగేసరికి మూసి ఉండేది. "అలవాటండీ" అనేవాడు, పళ్ళ సందుల్లోంచి.

నేను లైబ్రరీలో పనిచేసేదాన్ని. ఒక మధ్యాహ్నం అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు. చదువుకునేవాళ్ళంతా టీకి వెళ్ళారు. బల్లల మీద పుస్తకాలన్నీ తెరిచి ఉన్నాయి. నేను క్యారేజీ లోపల పెట్టి వచ్చేసరికి ఒక్కటీ తెరిచి లేదు. ఏళ్ళ తరబడి ఏదో పరిశోధన చేస్తున్న పెద్దమనిషి తిరిగొచ్చి, తన ముందున్న లావుపాటి పుస్తకం కేసి చూసి, నాకేసి చూశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆయన మీకేమవుతారు?" అన్నాడు మెల్లిగా.

"ఎవరో నీళ్ళ ఆఫీసాయనండీ" అన్నాను.

నా జీవితంలో నేను పడ్డ సిగ్గుల్లో సగం నావి కావు. మా బావవి.

అమ్మ పోయాక నాన్నా నేనూ అక్కావాళ్ళింటికే వచ్చేశాం. నాన్న రిటైరయిన హెడ్మాస్టరు. పొరపాటున జేబులో ఇంటికొచ్చిన సుద్దముక్కని తిరిగిచ్చేయడానికి ఎండలో బడికి నడిచి వెళ్ళిన మనిషి. మా అక్క కూతురు అప్పుడే ఉద్యోగంలో చేరింది. ఎక్కడెక్కడి డాక్టర్లో చెప్పి పంపిన మాటలు చెవుల్లో పెట్టుకుని విని, ఇంట్లోనే కూర్చుని టైపు చెయ్యడం. దానికోసమే ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చింది. హాల్లో ఒక డబ్బా, దాంట్లోంచి గదికో తీగ. నాన్న గదికి కూడా ఒకటి లాగించాడు బావ. "పేపరు చదువుకుంటారు పాపం" అన్నాడు.

ఒక పొద్దున్న అందరం టిఫిను దగ్గరుండగా ఇంటర్నెట్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. బావ చేతులు ఖాళీగా లేక స్పీకరు నొక్కాడు. నొక్కకుండా ఉండాల్సింది.

"మీ ఇంట్లో ఎవరో ఒక ప్రోగ్రాం నడుపుతున్నారండీ. కొనాల్సిన సినిమాలూ గట్రా ఊరికే దించుకునేది. హక్కులున్నవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆపకపోతే కనెక్షన్ తీసేస్తాం."

"దించుకోవడమేనా?" అన్నాడు బావ.

"అదే కాదండీ. దించుకున్న సరుకు మళ్ళీ మీ ఇంట్లోంచే ఇంకొకళ్ళకి వెళ్తుంటుంది. వాళ్ళ నుంచి మీకు, మీ నుంచి వాళ్ళకి."

బావ చేతిలో గ్లాసు అలాగే ఆగింది. "అంటే వెనక్కి పారుతోందా?"

నీళ్ళ ఆఫీసువాళ్ళకి అంతకంటే పెద్ద పాపం లేదు. ఇంట్లోకి వెళ్ళిన నీళ్ళు తిరిగి మెయిను పైపులోకి రాకూడదు. వస్తే ఊరు ఊరంతా జబ్బుపడుతుంది.

నాన్నకి మాత్రం అందులో ఒక్క ముక్కే వినబడింది. డబ్బివ్వకుండా తీసుకోవడం. ఆయన కంచం పక్కకి జరిపారు.

"దొంగ సరుకు. ఈ ఇంట్లో. ఎవరది?"

నాన్న చూపు తిరిగి తిరిగి మనవరాలి మీద ఆగింది. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునేది అదొక్కతే మరి.

"నేను కాదు తాతయ్యా!"

"నేను నీ పేరెత్తలేదే? నువ్వే ఎత్తుకున్నావు" అన్నారు నాన్న, సాక్షాత్తూ హెడ్మాస్టరై. ఆ రోజు నుంచి దానితో మాట మానేశారు. కబుర్లు లేవు, కలిసి కాఫీ తాగడం లేదు. అది మంచినీళ్ళు తెచ్చిస్తే "అక్కడ పెట్టించమ్మా" అని నాతో అనేవారు. అది చెవుల్లో డాక్టర్లని పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ టైపు చేసేది. ఎవరి గుండెకో ఆపరేషను రాయాల్సిన చోట మోకాలికి రాసి చీవాట్లు తింది. దొంగ దొరికితే తప్ప తాతా మనవరాలూ కలవరు, దొంగతనం ఆగకపోతే పిల్లకి ఉద్యోగం నిలవదు.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా బావ హాల్లో డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. దాని మీద దీపం గబగబా కొట్టుకుంటోంది.

"చూశావా మరదలా, ఇంట్లో ఒక్కరూ కుళాయి విప్పలేదు, మీటరు మాత్రం తిరుగుతోంది. ఎక్కడో కారుతోంది."

ఒక్కో తీగా ఊడదీసి, దీపం చూసి, మళ్ళీ పెడుతున్నాడు. వీధుల్లో ఆయన లీకు పట్టే పద్ధతే అది. ఒక్కో వాల్వూ మూసుకుంటూ పోవడం, ఏది మూస్తే మీటరు ఆగుతుందో చూడటం. చివరి తీగ దగ్గర చాలాసేపు ఉండిపోయాడు.

"దొరికిందా బావా?"

"ఊహూఁ. ఇదేదో గజిబిజిగా ఉంది. మొత్తం మూయించాల్సిందే."

మర్నాడు ఇంటర్నెట్ ఆఫీసు మెకానిక్కు వచ్చాడు. బావ కుర్చీ లాక్కుని అతని భుజం మీదికి ఎక్కినంత పని చేశాడు.

"ఆ ప్రోగ్రాం గడుసుదండీ. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపులోంచి వెళ్తుంది" అన్నాడు మెకానిక్కు.

"తలుపులా? ఎన్ని?"

"అరవై అయిదు వేల చిల్లర. మేం పోర్టులంటాం, కంటికి కనబడవు."

బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోజూ పడుకోబోయే ముందు వంటింటి కిటికీ గడియ మూడేసిసార్లు చూసుకునే మనిషి. "అరవై అయిదు వేలు బార్లా తెరుచుకుని పడుకున్నామా, ఇన్నాళ్ళూ!"

"అన్నీ మూసేసి, మనకి కావలసినవి మాత్రం తెరిస్తే సరిపోతుందండీ."

"అన్నీ మూస్తారా?" అన్నాడు బావ. ఆయన గొంతులో అంత ఆనందం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

కానీ తెరవడం దగ్గరే పేచీ వచ్చింది. మెకానిక్కు ఒకటి తెరుద్దామంటే బావ "ఇది ఎందుకు?" అని అడ్డం పడేవాడు. అమ్మాయి డాక్టర్లు సగం మాటలో మూగబోయారు. అక్కకి బ్యాంకు సైటు తెరుచుకోలేదు. "నాన్నా, నా పని!" అని అది అరిస్తే ఒక తలుపు తెరిచాడు. అక్క కసిరితే ఇంకోటి తెరిచాడు. మెకానిక్కు వెళ్తూ వెళ్తూ తన సంచీ కోసం వెతుక్కున్నాడు. జిప్పు పెట్టి, కట్టు కట్టి గుమ్మం దగ్గర తయారుగా ఉంది.

లీకు ఆగింది. నాన్న మౌనం ఆగలేదు. "ఆపితే చాలా? చేసిందెవరో తేలొద్దా?" అన్నారు భోజనాల దగ్గర, మనవరాలి వైపు చూడకుండా. దాని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "నేనే మామగారూ."

"ఏది మీరే?"

"దించుకున్నది."

నాన్న కాసేపు నమ్మలేదు. "ఏం దించుకున్నారు అల్లుడుగారూ?"

"సినిమాలు."

"ఏ సినిమాలు?"

బావకి సినిమాలు తెలియవు. సినిమాహాల్లో తలుపు తెరిచి ఎవరైనా లోపలికొచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి మూసొచ్చే మనిషి ఏ సినిమా పూర్తిగా చూస్తాడు? ఒక్క పేరు కూడా తోచక కంచంలోకి చూస్తూ, "చెప్పేలాంటివి కావులెండి" అన్నాడు.

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను అన్నంలో మజ్జిగకి బదులు మంచినీళ్ళు పోసుకున్నాను. నాన్న లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. పరుల సొత్తు గురించి, వయసు గురించి, ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంటి గురించి. బావ చెయ్యి ఎండిపోతుండగా తల వంచుకుని మొత్తం విన్నాడు. చివరికి నాన్న మనవరాలి నెత్తి మీద చెయ్యి వేసి, "తప్పయిపోయిందమ్మా, తాతని క్షమించు" అన్నారు. అది తాతని కావలించుకుని ఏడ్చింది. బావ మెల్లిగా లేచి ఊరగాయ జాడీకి మూత పెట్టాడు.

తర్వాత కొన్నాళ్ళు అక్క ఆయన మొహం చూడలేదు. నేనూ అంతే. హాల్లో ఎదురైతే పుస్తకంలో తలదూర్చేదాన్ని. "ఎలాంటివో!" అని అక్క నాతో గుసగుసలాడేది. "పైగా ఇంకొకళ్ళకి కూడా పంపించాడు!"

ఒక సాయంత్రం నాన్న గదిలోకి టీ పట్టుకెళ్ళాను. కంప్యూటరు ముందు దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"చూడమ్మా, నాతో పార్కులో నడిచే పోస్టుమాస్టరు ఇందులో రేడియో పెట్టిచ్చాడు. పాత నాటకాలు వచ్చేవి. ఒక పచ్చగీత నిండుతూ ఉండేది. అది నిండితే నాటకం వచ్చేసినట్టు. మీ బావ ఆ పాడుపని చేసి అన్నీ మూయించిన దగ్గర్నుంచి నా గీత కదలడంలేదు. దొంగలు చేసినదానికి నిజాయితీగా బతికేవాళ్ళకి శిక్ష."

నేను తెర మీద ఆ గీతని చూశాను. నాన్నని చూశాను. నా నోరు తెరుచుకుంది.

వెనకనుంచి ఒక వేలు వచ్చి నా గడ్డం కింద ఆనింది. నోరు మెల్లిగా మూసుకుంది.

"రేడియోకి జలుబు చేసింది మామగారూ. రెండ్రోజుల్లో బాగుచేయిస్తాను" అన్నాడు బావ.

వరండాలోకి వచ్చాక ఆయనకి అడ్డంగా నిలబడ్డాను. ఆయనే చెప్పాడు. "ఆ రోజు చివరి తీగ మామగారి గదిదే. మా ఆఫీసులో ఒక పద్ధతుందే. ఎవరింట్లోనో పైపు పగిలి నీళ్ళు పోతుంటే ఆ ఒక్క ఇంటికే ఆపం. ఆపితే వీధంతా వాళ్ళ గుమ్మం ముందు చేరుతుంది. అందుకని వీధి మొత్తానికీ కట్టేసి, మెయిను రిపేరు అంటాం. అందరూ మమ్మల్ని తిట్టుకుంటారు. మాకు అలవాటే."

"మరి అక్క? నేను? ఆ సినిమాలు?"

"పేర్లు గుర్తురాలేదే, ఏం చెయ్యను!"

అప్పుడు నాకు మళ్ళీ సిగ్గేసింది. ఈసారిది మాత్రం బావది కాదు, నా సొంతం.

బావ రేడియో ఆఫీసుకి వెళ్ళి పాత నాటకాల డిస్కులు కొనుక్కొచ్చి నాన్న కంప్యూటర్లో ఎక్కించాడు. ఆ పోస్టుమాస్టరు ప్రోగ్రాంని తీసేయించాడు. "పచ్చగీత పోయింది గానీ గొంతులు శుభ్రంగా వస్తున్నాయి" అన్నారు నాన్న. బతికున్నంతకాలం ఇంట్లో సినిమా ఊసొస్తే అల్లుడి వైపు చూసి దగ్గేవారు. బావ బుద్ధిగా తల దించుకునేవాడు. అక్కకి నేనే చెప్పేశాను, నా నోరు మూయడానికి బావ దగ్గర లేనప్పుడు. అక్క పగలబడి నవ్వింది. ఇప్పటికీ ఆయన ఏమైనా మరిచిపోతే "పేరు చెప్పేలాంటిది కాదా?" అంటుంది.

ఇదంతా రాసి నిన్న బావకి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి, మడిచి, పెట్టెలో పెట్టి మూశాడు.

"ఎందుకే ఇప్పుడు? దొంగ నేనేనని ఉంచెయ్యి. మీ నాన్న పేరు బయటికెందుకు?"

"నాన్న పేరు ఎక్కడా రాయలేదు బావా. నీదీ రాయలేదు."

"అయితే సరే" అన్నాడు. ఆఖరి వాక్యం ఇంకా మిగిలే ఉందని నేను చెప్పేలోగా నా పెన్నుకి మూత పెట్టేశాడు.